గాలి ఆడే కిటికీ అరుగు: విశాఖ ఇంట్లో మీ చేతులతో మీరే

నేను చేసిన మొదటి కిటికీ అరుగు మూత తెరవడానికి ఒక స్క్రూడ్రైవరు, ఒక సుత్తి, పక్కింటి బాబాయిగారి భుజబలం కావలసి వచ్చాయి. దాన్ని మే నెలలో చేశాను. నాలుగు పక్కలా ప్లైవుడ్డు, పైన మడతబందులతో మూత, లోపల దుప్పట్లు. చూడముచ్చటగానే ఉండేది. నవంబరులో తుపాను వానలు వెలిశాక దుప్పటి కోసం మూత ఎత్తబోతే కదల్లేదు. చివరికి ముగ్గురి బలంతో ఊడివచ్చేసరికి మడతబందుల నుంచి ఎర్రటి తుప్పు పొడి రాలింది. దుప్పట్ల మీద బూజు పట్టింది. గోడ వైపున్న ప్లైవుడ్డు ఉల్లిపొరల్లా విడిపోయింది. తప్పు కలపది కాదు, పనిముట్లదీ కాదు. సముద్రానికి కిలోమీటరు దూరంలో గాలి చొరని పెట్టె కట్టి, దాన్ని చెమ్మ గోడకు ఆనించి పెట్టిన నాది.

రెండోసారి చేసిన అరుగు ఇప్పటికి ఆరు వానాకాలాలు చూసింది. ఇక్కడ చెప్పబోయేది దాన్ని చేసే పద్ధతే. ఇది పెట్టె కాదు. పాత పెంకుటింటి వీధి అరుగుకు చెక్కతో చేసిన తమ్ముడనుకోండి. అడుగున ఖాళీ, వెనక ఖాళీ, బద్దకూ బద్దకూ మధ్య ఖాళీ. సామాను దాచుకునే చోటు కాస్త తగ్గుతుంది. తగ్గనివ్వండి.

ఉప్పు గాలి అంటే ఏమిటో ఒకసారి చూడండి. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు రేణువు ఆ తేమను పీల్చుకుని తానే నీరైపోతుంది. విశాఖలో ఏడాదిలో చాలా రోజులు తేమ ఆ గీతకు అటూ ఇటూ ఆడుతూ ఉంటుంది. అంటే మీ కిటికీలోంచి వచ్చి స్క్రూ తల మీద వాలిన ఉప్పు పొర రాత్రి తడిసి, మధ్యాహ్నం ఆరి, మళ్లీ రాత్రి తడుస్తుంది. ఇనుముకు దీనికి మించిన గండం లేదు. పెద జాలరిపేట ఒడ్డున ఇప్పుడు ఫైబరు పడవలే ఎక్కువగా కనిపిస్తాయి గానీ, వెనకటి తెప్పల దుంగలను మేకులతో బిగించేవారు కాదు, తాళ్లతో కట్టేవారు. ఒడ్డుకు చేరాక కట్లు విప్పి దుంగలను విడివిడిగా ఆరబెట్టేవారు. మన అరుగుకు కట్లు విప్పే పని లేదు. ఆరే వీలు మాత్రం దానికీ ఉండాలి.

ముందు కిటికీని పరీక్షించండి

టేపు తీయడానికి ముందు ఒక చెంబుడు నీళ్లు తీయండి. మన ఫ్లాట్లలో ఎక్కువగా ఉండేవి అల్యూమినియం జరుగుడు కిటికీలు. వాటి కింది పట్టాలో బయటి వైపు చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి, పట్టాలో చేరిన వాన నీరు బయటకు పోవడానికి. దుమ్ము, చచ్చిన చీమలు, రంగు వేసినవారు వదిలేసిన సున్నం కలిసి అవి మూసుకుపోతాయి. పట్టాలో నీళ్లు పోసి చూడండి. అర నిమిషంలో బయటకు జారిపోతే మంచిది. నిలబడిపోతే పళ్లు తోముకునే పాత బ్రష్షుతో, సన్నటి తీగతో ఆ రంధ్రాలు శుభ్రం చేయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మూసి ఉన్న కిటికీల కింది నుంచే గదుల్లోకి నీళ్లు ఎగజిమ్మడం ఈ ఊరివారు చాలామంది చూశారు. అంతటి గాలికి ఏ పట్టా ఆగదు గానీ, మామూలు ఈదురువానకు ఆగాలి. కిటికీ చట్రానికీ గోడకూ మధ్య పగుళ్లుంటే బయటి వైపు నుంచి సిలికాన్ పూయించండి. పై అంతస్తులో ఉంటే ఆ పని మీరు చేయకండి, తాడు కట్టుకుని దిగేవారు ఉంటారు.

తర్వాత గోడ. కిటికీ కింద గోడకు రంగు పొక్కి ఉంటే, తెల్లటి పొడి రాలుతుంటే చెమ్మ ఉన్నట్టే. దాని సంగతి తేలేదాకా అరుగు మాట ఎత్తకండి. రంగు వేసి కప్పేస్తే ఆ చెమ్మ మూడు నెలల్లో మళ్లీ పలకరిస్తుంది.

ఇంట్లో చిన్న పిల్లలుంటే ఇంకో లెక్క ఉంది. దీన్ని మాత్రం దాటవేయకండి. మన ఇళ్లలో కిటికీ గట్టు సాధారణంగా నేలకు 3 అడుగుల ఎత్తులో ఉంటుంది. మూడేళ్ల బిడ్డకు అది కంచె. దాని ముందు అడుగున్నర ఎత్తు అరుగు వేశారంటే ఆ కంచె అడుగున్నరకు తగ్గిపోయినట్టే. గ్రిల్లు లేని కిటికీ ముందు అరుగు వేయనే వేయకండి. గ్రిల్లు ఉన్నా ఊచల మధ్య సందు 4 అంగుళాలకు మించకూడదు. అడ్డ ఊచల గ్రిల్లు పిల్లలకు నిచ్చెన, దానికి నిలువు ఊచలు కలిపించండి. దోమతెర కంచె కాదు. వేలితో నొక్కితే ఊడిపోతుంది.

కొలతలు

ఎత్తు దగ్గరే అందరూ పొరబడతారు. బయటి దృశ్యం బాగా కనబడాలని అరుగును రెండు అడుగులకు పెంచుతారు. కాళ్లు నేలకు ఆనక, తొడల కింద చెక్క కోసుకుని, పది నిమిషాల్లో లేచిపోతారు. చెక్క వరకు 16 అంగుళాలు, పైన 2 అంగుళాల పరుపు. కూర్చున్నప్పుడు పరుపు కాస్త నొక్కుకుంటుంది కాబట్టి 17, 17న్నర దగ్గర నిలుస్తుంది. అలా కూర్చుంటే పెద్దవారి కళ్లు నేలకు దాదాపు 4 అడుగుల ఎత్తులో ఉంటాయి. 3 అడుగుల గట్టు మీదుగా బయటకు హాయిగా చూడవచ్చు. మా ఎంవీపీ కాలనీ కిటికీలోంచి రెండు మేడల మధ్య జానెడు సముద్రం కనిపిస్తుంది. రాత్రిపూట ఆ జానెడులోనే ఓడరేవులోకి పిలుపు కోసం లంగరేసుకున్న ఓడల దీపాలు రెండో మూడో వెలుగుతుంటాయి. 16 అంగుళాల ఎత్తుకు అవి బాగానే అందుతున్నాయి.

లోతు 20 అంగుళాలు. 15 అంగుళాలు అయితే బస్టాండు బల్ల, 24 దాటితే వెనక్కి ఆనుకోలేరు. పొడవు 5 అడుగులు ఉంటే ఒకరు కాళ్లు చాపుకుని పక్క గోడకు ఆనుకుని చదువుకోవచ్చు, ముగ్గురు వరసగా కూర్చోవచ్చు. నిద్రపోవాలంటే 6 అడుగులు కావాలి. అప్పుడు మధ్యలో ఇంకో జత కాళ్లు పెంచండి.

నా అరుగు ముక్కల చిట్టా ఇది. అన్నీ చిత్రిక పట్టిన తర్వాతి కొలతలు, మిల్లీమీటర్లలో:

- కాళ్లు: 6 ముక్కలు, ఒక్కొక్కటి 360 పొడవు, 70 × 45 మందం
- పొడవు పట్టీలు: 3 ముక్కలు, 1460 పొడవు, 70 × 35
- అడ్డ పట్టీలు: 6 ముక్కలు (పైవి 3, 370 పొడవు; కిందివి 3, 410 పొడవు), 70 × 35
- పై బద్దలు: 20 ముక్కలు, 500 పొడవు, 70 వెడల్పు, 22 మందం

కాళ్ల కింద 18 మి.మీ. గ్రానైట్ ముక్కలు పెడతాం. 18కి 360, 22 కలిపితే 400, అంటే దాదాపు 16 అంగుళాలు. పై బద్దలు పొడవునా కాకుండా అడ్డంగా, గోడ నుంచి గది వైపుకు వెళ్లేలా పెట్టాను. దీనికి కారణం పొదుపు. 5 అడుగుల మచ్చలేని టేకు పలక ధర ఒకటి, 20 అంగుళాల ముక్కల ధర ఇంకొకటి. అడితిలో మూల పడి ఉన్న పొట్టి ముక్కలు ఏరుకుంటే బేరం ఆడే బలం మీ చేతిలో ఉంటుంది.

కలప కొనడం

అడితిలో కలపను ఘనపుటడుగుల లెక్కన అమ్ముతారు. వెడల్పు అంగుళాల్లో, మందం అంగుళాల్లో, పొడవు అడుగుల్లో గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. ఈ లెక్క ఫోనులో వేసుకుని వెళ్లండి, అక్కడ వేగంగా నోటితో చెప్పే లెక్కకు తలూపకండి. పై చిట్టాకు చిత్రిక పట్టక ముందు కొలతల్లో ఒకటిన్నర ఘనపుటడుగులకు కాస్త పైన పడుతుంది. తరుగు కలుపుకుని రెండు అడగండి. కొనేముందు తేల్చుకోవలసింది ఒకటుంది: ధర కోసిన కలపకా, కోయని దుంగకా? కోత కూలి, చిత్రిక కూలి అందులో ఉన్నాయా, లేవా? బిల్లు లేనిదే కలప తీసుకోకండి.

ఏ కలప? డబ్బుంటే టేకు, ఇందులో వాదన లేదు. దానిలో సహజంగా ఉండే నూనె తేమనూ చెదనూ దూరం పెడుతుంది. కానీ టేకు అన్న మాటకు మోసపోకండి, చేవ చూసుకోండి. దుంగ మధ్య ముదురు రంగు భాగం చేవ, అంచుల్లో పాలిపోయిన తెల్ల భాగం పురుగుకు విందు. టేకులోనైనా తెల్ల భాగం తెల్ల భాగమే. ఒక్కొక్క ముక్కనూ తిప్పి నాలుగు అంచులూ చూడండి. దుకాణదారు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. వేగిస దొరికితే మంచిదే. మద్ది గట్టిది, చవక, కానీ రంపం మొండిబారిపోతుంది. ఇంట్లో తొలిసారి పని మొదలుపెట్టేవారికి వద్దు. మామిడి చెక్క, రబ్బరు చెక్క ఈ ఊరి కిటికీ దగ్గర పనికిరావు. అరకు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చూపించి తక్కువకు ఇస్తామంటే, అది లోపలి గదుల్లో అలమరలకు సరే, వాన జల్లు పడే కిటికీకి కాదు.

నా ఓటు మాత్రం పాత టేకుకు. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే గుమ్మాలు, వాసాలు, కిటికీ రెక్కలు అమ్మేవారు ఉంటారు. యాభై, అరవై ఏళ్లు ఇదే ఉప్పు గాలిలో ఆరిన కలప అది, ఇక వంకర పోవడానికి దానిలో ఏమీ మిగలలేదు. అయితే లోపల విరిగిన మేకులు దాగి ఉంటాయి. సా మిల్లుకు ఇచ్చే ముందు అయస్కాంతంతో ప్రతి అంగుళమూ తడమండి. ఒక్క మేకు చాలు, మిల్లువాడి రంపం పళ్లు రాలడానికి. ఆ తర్వాత ఆయన మీ ముఖం చూడడు.

ప్లైవుడ్డుతోనే చేస్తామంటే ఐఎస్ 710 (భారత ప్రమాణ సంఖ్య) ముద్ర ఉన్న మెరైన్ రకమే కొనండి. ఐఎస్ 303 ముద్రలో తేమను తట్టుకునే రకం, మరిగే నీటిని తట్టుకునే రకం అని రెండున్నాయి. నా మొదటి పెట్టె ఆ మొదటి రకంతో చేసిందే, దాని గతి పైన చెప్పాను.

కొత్త కలప తెచ్చిన రోజే కోయకండి. అరుగు ఏ గదిలో ఉంటుందో అదే గదిలో, ముక్కకూ ముక్కకూ మధ్య చిన్న పుల్లలు పెట్టి, రెండు మూడు వారాలు పేర్చి ఉంచండి. ఇంట్లోవారు అడుగుతారు, ఎన్నాళ్లు ఈ కట్టెల మోపు అని. ఓర్చుకోవాలి. విశాఖలో ఈ పనికి మంచి కాలం డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు. కలప ఏడాది మొత్తంలో ఎక్కువగా ఆరి ఉండేది అప్పుడే, పాలిష్ కూడా త్వరగా ఆరుతుంది. ఆగస్టులో మొదలుపెడితే పూత జిగటగా మిగిలిపోయి, దాని మీద దోమలు అంటుకుని అచ్చుపడతాయి.

స్క్రూలు

ఇక్కడ పిసినారితనం వద్దు. మామూలు ఇనుప స్క్రూ, జింకు పూతదైనా, తీరంలో కొన్నేళ్లకే తుప్పు కారుస్తుంది. చేవ కలపలోని వగరుకు ఇనుము తగిలితే ఆ చుట్టూ సిరా పోసినట్టు నల్ల మరక పడుతుంది, అది చిత్రికకు కూడా పోదు. స్టెయిన్‌లెస్ స్టీలులో 304, 316 అని రెండు రకాలు దొరుకుతాయి. 316లో మాలిబ్డినం కలుపుతారు, ఉప్పును అది బాగా తట్టుకుంటుంది. బీచ్ రోడ్డుకు దగ్గరలో ఉంటే 316 కొనండి, గాజువాక, పెందుర్తి వైపు లోపలగా ఉంటే 304 చాలు. ఇత్తడి స్క్రూలు ఇంకా అందం, నేను పై బద్దలకు అవే వాడాను. కానీ ఇత్తడి మెత్తన. ముందు రంధ్రం చేసి, అందులో అదే కొలత ఉక్కు స్క్రూ ఒకసారి ఎక్కించి తీసి, ఆ తర్వాత ఇత్తడి స్క్రూకు కొవ్వొత్తి మైనం రుద్ది ఎక్కించాలి. ఈ ఓపిక లేక నేను మొదట్లో నాలుగు స్క్రూల తలలు తెంపాను. తల తెగిన స్క్రూను టేకులోంచి పీకడం కంటే పన్ను పీకడం సులువు.

లెక్క: చట్రానికి రెండున్నర అంగుళాలవి 42, పై బద్దలకు ఒకటిముప్పావు అంగుళాలవి 80. పది పది ఎక్కువ తెచ్చుకోండి.

కోత, కూర్పు

రంపం పట్టే అలవాటు లేకపోతే ముక్కలన్నీ మిల్లులోనే కోయించి, చిత్రిక పట్టించుకుని రండి. ఇందులో చిన్నతనమేమీ లేదు. మీరు ఇంట్లో చేయవలసిన కోత ఒకటే ఉంది, అదే ఈ అరుగుకు ప్రాణం.

ప్రతి కాలి తల దగ్గర, 70 మి.మీ. మందం ఉన్న దిశలో, బయటి వైపు ఒక మెట్టు కోయాలి: పై నుంచి కిందికి 70, లోపలికి 20. పొడవు పట్టీ ఆ మెట్టు మీద కూర్చుంటుంది. దీనివల్ల ముగ్గురి బరువు చెక్క నుంచి చెక్కకు దిగుతుంది, స్క్రూ మీద పడదు. స్క్రూ పని పట్టీని పక్కకు జరగకుండా పట్టుకోవడం, మోయడం కాదు. మూలమట్టం పెట్టి పెన్సిలుతో కాకుండా చాకు మొనతో గీత గీయండి. పెన్సిలు గీతకు మందం ఉంటుంది, ఆ మందంలోనే వదులు పుడుతుంది. గీతకు, తీసేయబోయే ముక్క వైపున, చేరంపంతో 20 వరకు అడ్డంగా కోసి, మిగిలింది పై నుంచి ఉలితో కొంచెం కొంచెంగా చీల్చండి. ఒక్క దెబ్బకు తీయబోతే చీలిక దాని ఇష్టం వచ్చిన చోటికి పోతుంది. పట్టీని అందులో కూర్చోబెట్టి చూడండి. చేత్తో నొక్కితే దిగాలి, ఊపితే కదలకూడదు. వడ్రంగులు అంగుళంలో ఎనిమిదో వంతును నూలు అంటారు. ఇక్కడ సగం నూలు తేడా వచ్చినా అరుగు జీవితాంతం కిర్రుమంటుంది.

తర్వాత మూడు జతలు కట్టాలి. ముందు కాలు, వెనక కాలు, వాటి మెట్లు బయటి వైపుకు చూస్తూ ఉండగా, కాళ్ల పక్క ముఖానికి అడ్డ పట్టీలు రెండు: 370ది కాలి తలతో సమంగా పైన, మెట్టు నుంచి మెట్టు వరకు; 410ది నేల నుంచి 100 ఎత్తున, కాళ్ల బయటి అంచు నుంచి అంచు వరకు. ఆ నూరు మిల్లీమీటర్లు చీపురు కోసం. అతుకులకు నీటిని తట్టుకునే రకం జిగురు పూసి, ఒక్కొక్క అతుకుకు రెండు స్క్రూలు. స్క్రూకు ముందు 3 మి.మీ. రంధ్రం తప్పనిసరి, పై ముక్కలో మాత్రం 4.5, అప్పుడే స్క్రూ రెండు ముక్కలనూ దగ్గరకు లాగుతుంది. రెండు స్క్రూలనూ ఒకే రేక (కలప పొడవునా కనిపించే నార గీత) మీద పెట్టకండి, కలప అక్కడే చీలుతుంది.

మూడు జతలనూ వరసగా నిలబెట్టి, మెట్లలో రెండు పొడవు పట్టీలు కూర్చోబెట్టండి. మూడో పొడవు పట్టీ వెనక కాళ్లకు బయటి వైపు, నేల నుంచి 100 ఎత్తులో. స్క్రూలు పూర్తిగా బిగించే ముందు తాడుతో గానీ టేపుతో గానీ ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలవండి, మళ్లీ రెండో మూలల జత. రెండు కొలతలూ సమానమైతే చట్రం సరిగ్గా ఉన్నట్టు. తేడా ఉంటే పొడవు ఎక్కువున్న మూలను చేత్తో నెట్టండి, అంతే. జిగురు ఆరాక నెడితే ఏమీ కదలదు.

పూత ముందు, బిగింపు తర్వాత

పై బద్దలను ఇప్పుడే బిగించకండి. చాలామంది అంతా కట్టేశాక పైపైన పాలిష్ కొట్టిస్తారు. కింది ముఖానికి, అంచులకు పూత అందదు. పైన పూత ఉండి కింద లేకపోతే తేమ కింది నుంచి ఎక్కి, బద్ద దొన్నెలా వంగుతుంది. ఇరవై బద్దలనూ విడిగా, ఆరు ముఖాలూ పూర్తిచేసి, ఆరాక బిగించాలి. రంధ్రాలు కూడా ముందే చేసుకోండి, వాటి లోపలా పూత పోతుంది.

గరుకు కాగితం 80 నంబరుతో మొదలుపెట్టి 120, 180, చివరికి 220. ఎప్పుడూ రేక వెంటే రుద్దాలి. 120 తర్వాత తడి గుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి. నూగు లేస్తుంది, ఆ నూగును 180తో తీసేస్తే ఇక మళ్లీ లేవదు. కూర్చున్నప్పుడు తొడకు తగిలే ముందు అంచును రూపాయి బిళ్ల వంపులా గుండ్రం చేయండి.

పూతకు బయటి వాడకపు పాలీయురేథేన్ వాడండి, ఎండను తట్టుకునే రకమని డబ్బా మీద రాసి ఉండాలి. మూడు పల్చటి పూతలు. పూతకూ పూతకూ మధ్య 220తో తేలికగా రుద్దాలి. ఒక్క మందపాటి పూత మూడు పల్చటి పూతలకు సాటి రాదు. బద్దల చివర కోసిన ముఖాలకు ఇంకో రెండు పూతలు అదనంగా, ఎందుకంటే కలప నీళ్లు తాగే నోరు అదే. ఏటికొప్పాక బొమ్మల మీద లక్క మెరుపు చూసి మనసుపడి, లక్క పాలిష్ వేయించాలనుకునేవారు ఉంటారు. ఆ బొమ్మ గూట్లో ఉంటుంది, ఈ అరుగు వానజల్లులో ఉంటుంది. తడి తగిలితే లక్క పాలిష్ పాలవిరుగుడులా తెల్లబడిపోతుంది. అవిసె నూనె రుద్దే పద్ధతి పొడి ప్రాంతాలకు బాగుంటుంది, ఇక్కడ బూజును పిలుస్తుంది. అయినా నూనె వాడితే, తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. అవి వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. విప్పి ఆరవేయండి.

ఇప్పుడు బద్దలు. 70 మి.మీ. బద్దలు 20, మధ్యలో 5 మి.మీ. సందులు 19, మొత్తం 1495. ముందూ వెనకా పట్టీలు దాటి 30 చొప్పున బయటకు రావాలి. సందు సమంగా రావడానికి 5 మి.మీ. డ్రిల్లు ముక్కలు రెండు తీసుకుని, బద్దల మధ్య రెండు చివరలా ఒక్కొక్కటి నిలబెట్టి బిగించుకుంటూ పోండి. మొదటి బద్దను, చివరి బద్దను ముందు బిగించి మధ్యవి తర్వాత సర్దుకుంటే, పొరపాటు ఏమైనా ఉంటే అందరికీ కొంచెం కొంచెం పంచవచ్చు. బద్దకు నాలుగు స్క్రూలు. శీతాకాలంలో 5 ఉన్న సందు ఆగస్టుకు 4 అవుతుంది. సందు లేకుండా బిగించి ఉంటే ఆ ఉబ్బు చట్రాన్ని తోస్తుంది.

నిలబెట్టడం

కాళ్ల కింద గ్రానైట్ ముక్కలు ఆరు కావాలి, కాలి కంటే అటూ ఇటూ అర అంగుళం పెద్దవి. వంటగట్టు వేసే చోట పారేసిన ముక్కల్లో ఏరుకోవచ్చు. రాయి ఉంటే తడిగుడ్డ పెట్టినప్పుడు కాలి చివర తడవదు, చెద ఎక్కితే మట్టి గీత రాయి మీద కనిపిస్తుంది. ఫ్లాట్ల నేల బాల్కనీ వైపుకు కాస్త వాలి ఉంటుంది. రసమట్టం పెట్టి చూసి, పల్లం వైపు రాయి కింద రబ్బరు ముక్క దోపండి.

గోడకు ఆనించకండి. వెనక 40 మి.మీ. దాకా సందు ఉంచండి. పెన్ను పడుతుంది, జడపిన్ను పడుతుంది, నిజమే. కానీ అడుగు ఖాళీ కదా, చెయ్యి పెట్టి తీసుకోవచ్చు. కింద ఏర్పడిన రెండు గళ్లలో వెదురు బుట్టలు పెట్టుకుంటే పుస్తకాలు, బొమ్మలు సర్దవచ్చు. దుప్పట్లు మాత్రం పెట్టకండి, నేను చూశాను.

పరుపుకు కొబ్బరిపీచు పలక రెండు అంగుళాలది బాగుంటుంది. గాలి దానిలోంచి పోతుంది, కింది బద్దల సందులకు అర్థం ఉంటుంది. ఫోమ్ కావాలంటే గట్టి రకం తీసుకోండి, చవక ఫోమ్ ఏడాదికి అప్పడమైపోతుంది. గలీబుకు జిప్పు పెట్టించండి; జిప్పు పళ్లు ప్లాస్టిక్‌వి అయి ఉండాలి, లోహపువి ఇక్కడ బిగుసుకుపోతాయి. పరదాలు నేలదాకా ఉంటే పరుపు వెనక ఇరుక్కుంటాయి, గట్టు కిందికి జానెడు వరకు కుట్టించుకోండి.

చివరి పూత తర్వాత వారం రోజులు ఎవరినీ కూర్చోనివ్వకండి. తాకితే ఆరినట్టే ఉంటుంది గానీ లోపల ఇంకా గట్టిపడుతూ ఉంటుంది, పరుపు నేత అచ్చు దిగుతుంది. మా ఇంట్లో నాలుగో రోజే ఒకరు కూర్చున్నారు. ఎడమ నుంచి ఆరో బద్ద మీద ఆ చీర జరీ గళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

తర్వాత చాకిరీ తక్కువే. వారానికోసారి పిండిన తడిగుడ్డతో బద్దలను, స్క్రూ తలలను తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి; పోవలసింది దుమ్ము కంటే ఎక్కువగా ఉప్పు. వానాకాలంలో రోజుకోసారి పరుపును నిలువుగా గోడకు చేర్చి ఒక గంట ఉంచండి. నవంబరు వానలు వెళ్లాక పరుపు తీసి, 80 స్క్రూలనూ చేత్తో, మిషనుతో కాదు, పావు చుట్టు తిప్పి చూడండి. రెండు మూడు కంటే ఎక్కువ కదలవు. ఆ పనికి కిటికీ తెరిచి కూర్చోండి, పట్టాలో చెంబు నీళ్లు కూడా అప్పుడే పోసి చూసుకోవచ్చు.